మట్టిగోడల వెలుపలి పూతను బాగుచేసికొను విధము

నాగిరెడ్డిపేట ప్రాంతమునందు మంజీర తీరమునను, పోచారము జలాశయ సమీపమునను మట్టిగోడల పాత ఇండ్లు, ధాన్యపు కొట్లు నేటికిని కలవు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన అతివృష్టి వంటి వానలకు ఇట్టి గోడలలో ముందుగా చెడునది వెలుపలి పూత. దీనినే జనులు గిలాబు అందురు. అది రాలినచోట నీరు గోడలోనికి దిగును. తడిసిన మట్టి పైబరువును మోయజాలక కూలును. కావున గిలాబు అందమునకు మాత్రమే కాదు. ఇంటివారి ప్రాణములకును, గింజలకును రక్ష.

కారణములు.— చూరు పొట్టిదగుట, పెంకులు జారుట, చూరునీరు గోడమొదట చిట్లుట, గోడకానించి పెంటకుప్ప వేయుట ముఖ్యకారణములు. వీనిని తొలగింపక పూసిన పూత మరుసటి వానకాలమునకే రాలును.

సిమెంటు.— మట్టిగోడపై సిమెంటు పూయుట లాభముకంటె నష్టమే ఎక్కువ కలిగించును. తడికి ఉబ్బి, ఎండకు కుదియు మట్టితో సిమెంటు కలిసి కదలదు. బీటలగుండ లోనికి పోయిన నీరు తిరిగి ఆరదు. పైకి గట్టిగా కనబడుచునే లోపల గోడ మెత్తబడును. మట్టికి మట్టి, సున్నమునకు సున్నమే తగినది. రాతితోను డంగుసున్నముతోను కట్టి 1922లో పూర్తిచేసిన పోచారము ఆనకట్ట 2025 వరదకు నిలిచిన సంగతి ఈ ప్రాంతపు రైతు లెరిగినదే.

మన్ను.— నల్లరేగడి ఎండినపుడు బీటలువారును, ఒంటిగా పనికిరాదు. ఎఱ్ఱమన్ను జల్లించి, ఇసుకయు, వ్రేలెడు పొడవున తరిగిన వరిగడ్డియు కలిపి, వారము దినములు నానబెట్టి, దినమునకొకమారు త్రొక్కవలెను. ముందు గోడపై జానెడు మేర పూసి ఆరనిచ్చి చూడవలెను. బీటలువారిన ఇసుకను, వ్రేలితో రాచిన పొడిగా రాలిన బంకమన్నును చేర్చవలెను.

పూయు విధము.— గోడను వ్రేలితో తట్టి, డొల్ల శబ్దము వచ్చు పూతనంతయు గీకివేయవలెను. దుమ్ము దులిపి, నీరు చిలుకరింపవలెను, గోడను నానబెట్టరాదు. లోతు గుంటలను ముందుగా పూడ్చి ఆరనీయవలెను. పిమ్మట అర అంగుళము మందమున మొదటి పూత పూసి, తడిగా నుండగనే గీతలు గీయవలెను. అది ఆరినపిదప పేడ కలిపిన పలుచని రెండవ పూత పూయవలెను. ఎండ తీవ్రముగా నున్నచో తడిగోనెలు వ్రేలాడదీయుట మేలు. చక్కగా ఆరినపిమ్మట సున్నము కొట్టవలెను.

సున్నపు గిలాబు గోడకైనచో నానిన సున్నము ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పూసి, వారము దినములు తడి ఆరనీయరాదు. సున్నము విరియునపుడు పిల్లలను దూరముగా నుంచవలెను. అది కన్నులను కాల్చును.

హెచ్చరిక.— గోడ ఉబ్బినను, వాలినను, ఆరపారు బీట పడినను పూత పనికిరాదు. మనుష్యులను, పశువులను అచ్చటినుండి తొలగించి, అనుభవశాలియగు మేస్త్రికి వెంటనే చూపవలెను.

వానలు వెనుదీసి గోడలు ఆరిన కాలము ఈ పనికి అనుకూలము. ఏటేట మృగశిర కార్తెకు ముందు ఇంటిచుట్టు తిరిగి గోడలు తట్టి చూచు రైతునకు చిన్నపనితోనే సరిపోవును.