సెల్ఫ్ డిస్మిస్: చట్టంలో లేని శిక్ష

డ్యూటీకి రాని ఉద్యోగి తనను తానే తొలగించుకున్నట్టన్న అపోహకు 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో ‘సెల్ఫ్ డిస్మిస్’ అని పేరు పడింది. అక్టోబరు 5న సమ్మె మొదలైంది. ఆ సాయంత్రం 6 గంటలలోపు చేరనివాళ్ల ఉద్యోగాలు పోయినట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. దాదాపు 48 వేల మంది కార్మికుల ఇళ్లలో, హైదరాబాద్ తార్నాకలోని ఆర్టీసీ ఆస్పత్రిని నమ్ముకున్న కుటుంబాల్లో ఆ మాట చట్టంలాగే చలామణి అయింది. సమ్మె రోజుల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

చట్టంలో అలాంటి శిక్షే లేదు. డిస్మిసల్ ఎప్పుడూ యాజమాన్యం చేసే పని. చేసేవాళ్లు అభియోగం చెప్పాలి, విచారణ జరపాలి. చెప్పకుండా మానేస్తే ఉద్యోగం పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థ సర్వీసు నిబంధనల్లో) రాసి ఉన్నా, కార్మికుడి మాట వినకుండా తీసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. అదే ఏడాది, ఈసీఐఎల్ సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో మాట చేర్చింది: విచారణ నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, అతని జవాబు చూశాకే నిర్ణయం తీసుకోవాలి. ఇందులో ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేదు. సమ్మె నాటికే ఈ తీర్పులకు 26 ఏళ్లు. అప్పటికీ ఒక ప్రకటనతో వేల ఇళ్లు వణికిపోవడం అన్యాయం. నవంబరు 25న సమ్మె విరమించారు. 29న కార్మికులు తిరిగి విధుల్లో చేరారు.

విచారణ సక్రమంగా జరిగితే ఏ శిక్షయినా నిలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేరిన 11-ఏ సెక్షన్ శిక్ష తగ్గించే అధికారాన్ని లేబర్ కోర్టుకిచ్చింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ అధికారాన్ని కొనసాగించింది. తప్పు తీవ్రత, గత సర్వీసు, అదే తప్పుకు తోటివాళ్లకు పడిన శిక్ష లెక్కలోకి వస్తాయి. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో పాఠాలు చెప్పే అధ్యాపకులకు మాత్రం ఈ దారి లేదు. 1988 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం టీచర్లు ‘కార్మికులు’ కారు. వాళ్లు హైకోర్టుకు వెళ్లాలి. అక్కడ శిక్ష మనస్సాక్షిని కుదిపేసేంత దారుణంగా ఉంటేనే జోక్యం ఉంటుంది.

ఇంకో రెండు అపోహలూ ఉన్నాయి. క్రిమినల్ కేసు కొట్టేస్తే ఉద్యోగం దానంతటదే తిరిగి రాదు. విచారణ ముగిసేదాకా పెట్టే సస్పెన్షన్ శిక్ష కాదు.

పది రూపాయల టికెట్ డబ్బు కాజేసినా కండక్టరు ఉద్యోగం పోతుందన్న మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, చాలావరకు ఒప్పుకోవాలి. డబ్బెంతన్నది కాదు, నమ్మకం పోయిందా అన్నదే కోర్టులు చూస్తున్నాయి. ప్రయాణికుల వాంగ్మూలం లేకున్నా చెకింగ్ సిబ్బంది సాక్ష్యం సరిపోవచ్చని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే చార్జిషీటు తీసుకోనని మొండికేయడం ఉద్యోగికే చేటు. తీసుకుని, గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. అందులో పేర్కొన్న పత్రాల కాపీలు అడగాలి. విచారణకు వెళ్లకపోతే అది ఎక్స్‌పార్టీగా, అంటే ఉద్యోగి లేకుండానే, ముగుస్తుంది. నివేదిక ఇవ్వలేదన్న ఒక్క కారణంతో డిస్మిసల్ రద్దు కాదు, దానివల్ల జరిగిన నష్టమేమిటో చూపాలి. కాబట్టి నివేదిక కోసం పెట్టుకున్న దరఖాస్తుకు రసీదు తీసుకుని, అప్పీలుకు జతచేయాలి.