పొగ మానినవారు ఒళ్ళు చేయడం ఎందుకు?

చుట్ట, బీడీ, సిగరెట్టు – ఏది మానినా ఒళ్ళు వస్తుందని జనం అనుకొనే మాటలో నిజం లేకపోలేదు. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష ప్రకారం, మందుల సాయం లేకుండా మానినవారు ఏడాదిలో సగటున 4.7 కిలోలు పెరిగారు. అందులో సగానికి పైగా తొలి మూడు నెలలలోనే. అయితే ఇంచుమించు ఆరుగురిలో ఒకరు బరువు తగ్గారన్న సంగతిని ఎవరూ చెప్పుకోరు!

దీనికి మూలం నికోటిన్. అది అడ్రినలిన్‌ను ఉసిగొల్పి, గుండె వేగాన్ని పెంచి, ఊరక కూర్చున్న మనిషి చేత సైతం అదనపు శక్తిని ఖర్చు చేయిస్తుంది. మెదడులో ఆకలిని అణచే నాడీకణాలను కూడ అదే మేల్కొల్పుతుందని 2011లో ఎలుకలపై జరిపిన పరిశోధన తెలిపింది. పొగ ఆగగానే ఈ రెండు పనులూ ఆగిపోతాయి. అణగియున్న ఆకలి లేస్తుంది. మొద్దుబారిన నాలుక, ముక్కు తేరుకొనగా, నిన్నటిదాక చప్పగా తోచిన పప్పుచారు నేడు కమ్మగా ఉంటుంది. ఖాళీ అయిన చేయి జంతికల డబ్బాను వెదకుతుంది. కనుక జీవక్రియ చెడినదనుట సరికాదు. పొగ తెచ్చిపెట్టిన కృత్రిమ వేగం పోయినదంతే.

బరువుకు వెరచి మరల బీడీ అంటించడం తప్పుడు లెక్క. 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మాని బరువు పెరిగినవారికి మధుమేహపు ముప్పు కొన్నేళ్ళు హెచ్చినా, హృద్రోగ మరణాలు మాత్రం పొగ తాగుతున్నవారికంటె తక్కువే. చక్కెర వ్యాధి ఉన్నవారు మానడానికి ముందే వైద్యునితో మాట్లాడుట మేలు. తక్కినవారికి భోజనానంతరం చుట్ట వెలిగించే వేళకు అరగంట నడక, నోరు ఊరినప్పుడు మజ్జిగో, దోసకాయ ముక్కలో చాలును. మానలేక తంటాలు పడేవారికి 1800-11-2356 అనే ఉచిత జాతీయ ఫోను నంబరు 2016 నుండి ఉన్నది.