కొల్లేరు పక్షులను ఫోటో తీయండి, కానీ దూరం నుంచి



క్రిస్మస్, సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మన సంఘంలోని కుటుంబాలు చాలా వరకు కొల్లేరు వైపు ఒక్కసారైనా వెళ్లి వస్తాయి. ఆ నెలల్లోనే అక్కడ పక్షులు ఎక్కువగా ఉంటాయి. ఒకప్పుడు కెమెరా ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. ఇప్పుడు బడికి వెళ్లే పిల్లల చేతిలో కూడా ఫోన్ ఉంది. ఓపీలో మందుల కోసం వరుసలో కూర్చున్నవారు కూడా మమ్మల్ని పిలిచి, "సిస్టర్ గారూ, ఇదిగో చూడండి గూడబాతు" అని ఫోన్ చూపిస్తుంటారు. చూసి మేమూ సంతోషిస్తాం. కొన్ని ఫోటోలు చూసినప్పుడు మాత్రం మాకు గుండె జారుతుంది. చచ్చిపడిన పక్షిని చేత్తో ఎత్తి పట్టుకున్న పిల్లలు, పడవ అంచున నిలబడి నవ్వుతున్న యువకులు, గూటికి బాగా దగ్గరగా వెళ్లి తీసిన పిల్లల ఫోటోలు. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాం. మేము చెప్పదలచినది ఒక్కటే. పక్షికి ఏ దూరం క్షేమమో, మనకూ ఆ దూరమే క్షేమం.

కొల్లేరు ఎలాంటి చోటు?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు ప్రాంతంలో కొల్లేరు ఏర్పడింది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీళ్లు తెచ్చి ఇందులో పోస్తాయి. ఎక్కువైన నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. 1999లో ప్రభుత్వం దీనిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. చేపల చెరువులు సరస్సును ఆక్రమించడంతో 2006లో పెద్ద ఎత్తున వాటి గట్లు తెంపారు.

కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో పక్షుల కేంద్రం ఉంది. ఇక్కడ గూడబాతులు గుంపులుగా గూళ్లు పెడతాయి. చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలిపారు. పక్షులు వాటినే చెట్లనుకుని పుల్లలు పేర్చి పిల్లల్ని పెంచుతున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా కనిపిస్తాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి సూదితోక బాతులు వస్తాయి.

ఈ గూడబాతుల వెనుక ఒక చరిత్ర ఉంది. మన దేశంలో ఇవి ఇక గూళ్లు పెట్టడం లేదని ఒక దశలో పక్షి శాస్త్రజ్ఞులు అనుకున్నారు. అలాంటి సమయంలో, 1946లో, కె.కె. నీలకంఠన్ గారు కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు దగ్గర వేల సంఖ్యలో గూడబాతులు గూళ్లు పెట్టి ఉండటం చూసి లోకానికి తెలియజేశారు. అయితే 1974 ప్రాంతానికి ఆ గుంపు ఆ చోటు విడిచి వెళ్లిపోయింది. అంటే పక్షులు ఒకచోట ఉన్నాయి గనుక ఎప్పటికీ అక్కడే ఉంటాయని అనుకోవడానికి లేదు. ఇబ్బంది ఎక్కువైతే ఊరు ఖాళీ చేసినట్లు వెళ్లిపోతాయి. ఈనాడు ఆటపాకలో వాటిని మన పిల్లలకు చూపించగలుగుతున్నామంటే అది మనకు దొరికిన భాగ్యమే.

గూడు కూడా ఒక ప్రసూతి వార్డే

మన ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డు దగ్గర సందర్శకులను ఎందుకు ఆపుతామో మీకు తెలుసు. ప్రేమ ఉన్నవారే వస్తారు, అయినా ఆపుతాం. బిడ్డకు వెచ్చదనం కావాలి, తల్లికి విశ్రాంతి కావాలి. గూడు విషయంలోనూ అంతే.

గూడబాతు సాధారణంగా మూడు గుడ్ల వరకు పెడుతుంది. సుమారు నెల రోజులు తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పిల్లలు పుట్టినప్పుడు వాటి ఒంటిమీద ఈక ఒక్కటీ ఉండదు. చలికైనా ఎండకైనా పెద్దపక్షి నీడే వాటికి రక్ష. ఆకలి వేస్తే తల్లి ముక్కు కింద సంచిలోకి తల దూర్చి చేపలు తింటాయి. మనం దగ్గరికి వెళ్లగానే పెద్దపక్షి బెదిరి లేచిపోతుంది. ఆ పది నిమిషాల్లో గుడ్లు ఎండకు మాడిపోవచ్చు, లేదా కాకులు, గద్దలు వచ్చి ఎత్తుకుపోవచ్చు. ఒక్క ఫోటో కోసం ఒక కాన్పు పోయినట్లే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు పక్షి గూటి గురించి కూడా ఆజ్ఞ ఇచ్చాడు. గూటిలో ఉన్న తల్లిని పిల్లలతోపాటు పట్టుకోకూడదని, తల్లిని విడిచిపెట్టాలని అక్కడ చదువుతాం. అంత చిన్న ప్రాణి గురించి ఆలోచించిన దేవుని పిల్లలం మనం. మన దేశ చట్టం కూడా ఇదే చెబుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు తీయడం, గూళ్లు చెదరగొట్టడం నేరం.

ఎంత దూరం ఉండాలని అడుగుతారు. రోగిని చూసి లక్షణాలు గుర్తించినట్లే పక్షిని చూసి తెలుసుకోవచ్చు. చేస్తున్న పని ఆపి మెడ ఎత్తి మనవైపు చూస్తే, అక్కడే ఆగిపోండి. లేచి నిలబడితే రెండడుగులు వెనక్కి వేయండి. రెక్కలు విప్పిందంటే మనం హద్దు దాటినట్లే, నెమ్మదిగా తిరిగి వచ్చేయండి.

ఫోటో బాగా రావాలంటే

దూరం నుంచి మంచి ఫోటో రాదని చాలామంది అనుకుంటారు. ఈ కొద్ది మెళకువలు పాటించి చూడండి.

1. తెల్లవారిన తరువాత రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు వెలుగు మెత్తగా ఉంటుంది. ఆ వేళలో పక్షులు కూడా చురుగ్గా తిరుగుతాయి.

2. సూర్యుడు మీ వెనుక ఉండేలా నిలబడండి. తెల్లని పక్షి మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే ఈకల వివరం పోతుంది.

3. ఫోన్‌లో జూమ్ బాగా పెంచితే బొమ్మ మసకబారుతుంది. దానికన్నా పక్షితోపాటు నీరు, ఆకాశం కూడా వచ్చేలా విశాలంగా తీయండి. బైనాక్యులర్ కంటి దగ్గరి అద్దానికి ఫోన్ ఆనించి తీసినా ఫోటో బాగానే వస్తుంది.

4. కెమెరా ఉన్నవారు 300 మిల్లీమీటర్లు, అంతకు మించిన లెన్సు వాడితే గట్టు మీద నుంచే తీయవచ్చు. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు ఉంచండి. ఫోకస్ పక్షి కంటి మీద పెట్టండి.

5. ఫ్లాష్ వాడవద్దు. పక్షులను లేపడానికి చప్పట్లు కొట్టడం, రాళ్లు విసరడం, డ్రోన్ ఎగరేయడం చేయవద్దు. అవి వాటంతట అవి ఎగిరే దాకా కాచుకుని ఉండండి. గూడబాతు నీటి మీద వాలేటప్పుడు కాళ్లు ముందుకు చాపి జారుతూ వస్తుంది. ఓపిక పట్టినవారికి ఆ ఫోటో దొరుకుతుంది.

మన ఆరోగ్యం సంగతి

చచ్చిన పక్షిని, జబ్బుగా ఉన్న పక్షిని ముట్టుకోవద్దు. అడవి నీటిపక్షులు బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోసుకురాగలవు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు ఈ వ్యాధి వచ్చింది. మనుషులకు సోకడం అరుదే గాని, సోకితే ప్రమాదం. 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో చనిపోయింది. గనుక పక్షులు చచ్చి పడి ఉంటే పిల్లల్ని దూరంగా ఉంచి అటవీ సిబ్బందికి చెప్పండి. పొరపాటున ముట్టుకుంటే ముఖం తాకకుండా వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తరువాత పది రోజుల లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. "పక్షిని ముట్టుకున్నాం" అనే మాట డాక్టరు గారికి తప్పక చెప్పండి. లక్షణాలు మొదలైన రెండు రోజుల లోపు మందు ప్రారంభిస్తే బాగా పనిచేస్తుంది.

గూళ్ల కింద ఎండిన రెట్ట దుమ్ముగా లేస్తుంది. ఆస్తమా ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు అలాంటి చోట్ల నిలబడవద్దు. ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. తెల్లవారుజాము మంచు కూడా వారికి పడదు.

షుగర్ ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాం. తెల్లవారి వెలుగు కోసం ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకుండా బయలుదేరవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. బిస్కెట్లు, పంచదార సంచిలో ఉండాలి. చెప్పులు లేకుండా గట్ల మీద నడవవద్దు. పాదంలో స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మోకాళ్ల వరకు గడ్డి ఉన్నచోట పాములు ఉంటాయి. పాదానికి పుండు ఉన్నవారు బురద నీటిలో దిగితే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే జ్వరం కూడా సోకవచ్చు.

పడవ ఎక్కితే చిన్న పిల్ల నుంచి తాత వరకు అందరూ లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించుకోవాలి. ఫోటో కోసం లేచి నిలబడవద్దు, అందరూ ఒకే వైపుకు జరగవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మన ఎవరికీ మరపురాదు. సరస్సు నీరు నిశ్చలంగా కనిపిస్తుంది గాని అడుగున బురద, నాచు కాళ్లకు చుట్టుకుంటాయి. ఈత వచ్చినవారు కూడా చిక్కుకుంటారు.

వెళ్లలేనివారి కోసం

ప్రభువు కొండమీది ప్రసంగంలో ఆకాశంలో ఎగిరే పక్షుల వైపు చూడమని శిష్యులకు చెప్పాడు. ఆ మాట విన్నవారు చింతలు ఉన్నవారే. నెలల తరబడి మంచం మీద ఉన్నవారు కిటికీలోంచి ఒక పిట్టను చూసి ముఖం విప్పడం మేము వార్డుల్లో ఎన్నోసార్లు చూశాం. కొల్లేరు వరకు వెళ్లలేని రోగులు మన దగ్గర చాలామంది ఉన్నారు.

కాబట్టి ఒక మనవి. ఈ సెలవుల్లో మీరు దూరం నుంచి, పక్షి బెదరకుండా తీసిన ఫోటోల్లో మంచిది ఒకటి ప్రింటు వేయించి నర్సింగ్ కార్యాలయంలో ఇవ్వండి. వెనుక పక్షి పేరు, తీసిన నెల రాయండి. పిల్లల వార్డు గోడకు, మహిళల వార్డు వరండాకు అంటిస్తాం. క్షేమంగా వెళ్లి, క్షేమంగా రండి. పక్షుల్ని కూడా క్షేమంగా ఉంచి రండి.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది