ఉగ్గాని పక్కన ‘ట్రెడిషనల్’

కర్నూలులో పొద్దున్నే టిఫిన్ హోటలు ముందు ఆగితే మొదట కంటపడేది బోర్డు: ‘ట్రెడిషనల్ రాయలసీమ రుచులు’. తర్వాత ఉగ్గాని ప్లేటు వస్తుంది. నానబెట్టి పిండిన బొరుగులు, తాలింపులో ఎర్రగడ్డ, పచ్చిమిరప, టమాటా, పైన పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. తినేవాడికి ఆ బోర్డు మీద అనుమానమే రాదు. తాతలనాటి తిండి కదా, అనాదిగా ఈ గడ్డదే అనుకుంటాడు. ఆ ఇంగ్లీషు మాట చుట్టూ అల్లుకున్న అపోహల్లో మొదటిది ఇదే.

వాస్తవం ప్లేటులోనే ఉంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తర్వాతే, పోర్చుగీసు ఓడల పుణ్యమా అని మన రేవుల్లో దిగింది. టమాటా కూడా అక్కడిదే, ఇంకా ఆలస్యంగా వచ్చింది. పాత కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుడు 1503లో కన్నుమూశాడు. ఆయన ఎరిగిన ఘాటు మిరియాలది, పిప్పళ్లది. ఎర్రకారం ఎట్లా ఉంటుందో ఆయన నాలుకకు తెలియదు. కొత్తగా వచ్చిన కాయకు పాత మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు జనం. కర్నూలు వైపు బుడ్డలనీ కడప వైపు చెనిక్కాయలనీ పిలుచుకునే వేరుశనగ పుట్టింది దక్షిణ అమెరికాలో. పోనీ సంగటి మాటేమిటి? రాగి, జొన్న రెండూ ఆఫ్రికావే. కాకపోతే అవి వచ్చి వేల ఏళ్లయింది కాబట్టి ఇంటివాళ్లయిపోయాయి.

మరి అచ్చంగా ఈ నేలవంటూ ఏమీ లేవా అంటే, ఉన్నాయి. దక్షిణాదిలో కొత్తరాతియుగపు ఊళ్ల మట్టిని జల్లించిన పురావస్తు శాస్త్రవేత్తలకు ఎక్కువగా దొరికిన గింజలు ఉలవలు, పెసలు, అండుకొర్రలు. పుట్టుకనే లెక్క వేస్తే ఆ బోర్డు కట్టుకోవలసింది ఉలవలు. వాటినేమో ఎద్దులకు ఉడకబెట్టి, వార్చిన నీళ్లతో మనుషులు చారు కాచుకున్నారు!

బోర్డు మీది రెండో మాట ‘రాయలసీమ’కూ వయసు తక్కువే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక వీటికి దత్తమండలాలన్న పేరు పడింది. ‘రాయలసీమ’ అన్న పేరు 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించినది.

అంతమాత్రాన హోటలువాడు అబద్ధమాడినట్టు కాదు. తప్పు బోర్డులో లేదు, దాన్ని చదివే తీరులో ఉంది. ‘ట్రెడిషన్’ లాటిన్‌లోని ‘త్రాదెరె’ నుంచి వచ్చింది. అందించడం, చేతికి అప్పగించడం అని దాని అర్థం. రోమన్ చట్టంలో సరుకును కొన్నవాడి చేతికి అప్పగించే తంతును ‘త్రాదితియో’ అనేవారు. ఆ మాటలో పుట్టిన ఊరి ప్రసక్తి లేదు, వయసు లెక్కా లేదు. మన ‘సంప్రదాయం’ కూడా అచ్చం అట్లాంటిదే. దాని గుండెలో ఉన్నది ‘దా’ ధాతువు, ఇవ్వడం. లాటిన్ మాటలో దాగిన ‘దారె’కూ మన దాత, దానాల్లోని ‘దా’కూ భాషా శాస్త్రజ్ఞులు ఒకే మూలం చెబుతారు. తల్లి కూతురికి, కూతురు మనవరాలికి అందిస్తూ వచ్చిన ఎర్రకారం ఈ లెక్కన నిఖార్సైన ట్రెడిషనల్. ఇదే కుదురు నుంచి ‘ట్రెయిటర్’ కూడా పుట్టింది. శత్రువుకు అప్పగించేవాడు ద్రోహే కదా. ‘ట్రేడ్’ మాత్రం చూడటానికి చుట్టంలా కనిపించినా చుట్టం కాదు. అది బాట, అడుగుజాడ అనే అర్థమున్న జెర్మానిక్ మాట నుంచి వచ్చింది.

‘ట్రెడిషనల్’కు తోబుట్టువు లాంటిది ‘కస్టమరీ’. నిఘంటువులు ‘ఆచారపరమైన’ అంటాయి గానీ, కచేరీల్లో దానికి సరితూగింది ‘మామూలు’. అరబ్బీలో ‘అమల్’ అంటే చేయడం, ఆచరణ. మనం ‘అమలు చేశారు’ అనేదీ దాని నుంచే. ఎప్పుడూ చేస్తూ వచ్చింది మామూలు. కంపెనీ కాలపు రెవెన్యూ ఇంగ్లీషులో ఈ మాట దర్జాగా తిరిగింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దానికి చోటిచ్చింది కూడా. తర్వాత అది చేతులు తడపడానికి మారుపేరైంది. మన మాటకు మాత్రమే ఈ గతి పట్టిందనుకుంటే పొరపాటు. రేవుల్లో రాజుకు వాడుకగా చెల్లించే సుంకమే ఇంగ్లీషులో ‘కస్టమ్స్’ అయింది. అదీ ఒకనాటి మామూలే, రశీదు ఇస్తారంతే. ఒకే అంగడికి అలవాటుగా వెళ్లేవాడు ‘కస్టమర్’. ఇంటింటికీ పాలు ‘వాడిక’ పోసేవాళ్లకు ఈ లంకె ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఎప్పటినుంచో జరుగుతోంది కాబట్టి చట్టం ఒప్పుకుంటుందన్నది ఇంకో అపోహ. ఇది కాస్త ప్రమాదకరమైనది. సీమ పల్లెల్లో మేనరికం ఎవరికీ కొత్త కాదు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం చెప్పిన నిషిద్ధ బంధుత్వాల్లో మేనమామ–మేనకోడలు ఉన్నారు, అన్నాచెల్లెళ్ల పిల్లలూ ఉన్నారు. ఆ పెళ్లిళ్లు నిలుస్తున్నది అదే చట్టంలోని ‘కస్టమ్’ అన్న మాట ఆసరాతో. వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే చెల్లుతాయి. అయితే ఆ ఆచారం చాలా కాలంగా, తెంపు లేకుండా, ఒకే తీరుగా సాగి ఉండాలి. అన్యాయమైనదీ, ప్రజాహితానికి విరుద్ధమైనదీ కాకూడదు. అదే చోట్ల ఆడపిల్లను దేవుడి పేరిట బసివిగా విడిచే ఆచారం కూడా తరాల నాటిదే. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం బసివి పేరెత్తి మరీ దాన్ని నేరం చేసింది. పాతదనం రెండింటికీ ఉంది, చట్టం ముందు మాత్రం రెండూ ఒకటి కాలేదు.

తెలుగు పత్రికలు స్వయంగా పెంచి పోషించిన గందరగోళం మరొకటి ఉంది. ‘కన్వెన్షనల్’ అంటే అందరూ కూడబలుక్కుని ఒప్పుకున్నది, చలామణిలో ఉన్నది. దాన్నీ ‘సంప్రదాయ’ అనే తర్జుమా చేయడంతో విచిత్రం జరిగింది. కడప జిల్లా ముద్దనూరు దగ్గర 1994లో మొదటి యూనిట్ మొదలైన బొగ్గు విద్యుత్ కేంద్రం సంప్రదాయ ఇంధనం కిందికి వెళ్లింది. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు సంప్రదాయేతరం అయింది. మిద్దె మీద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకునే అవ్వకు చెబితే ఎండ సంప్రదాయం కాదా అని నవ్వుతుంది. కేంద్ర ప్రభుత్వం 2006లో తన మంత్రిత్వ శాఖ పేరులోంచి ‘నాన్ కన్వెన్షనల్’ను తీసేసి ‘నూతన, పునరుత్పాదక ఇంధన’ శాఖగా మార్చుకుంది. ‘సంప్రదాయేతర ఇంధనం’ మాత్రం వార్తల్లో ఇంకా వస్తూనే ఉంది, మామూలుగా.