5.3 ద్రవపీడనం - బలవృద్ధి

కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండ రోడ్ల మీద లారీ టైరు పంక్చరైతే, క్లీనరు ఒక్కడే చిన్న జాకీతో ఇరుసును పైకెత్తడం మీరు చూసే ఉంటారు. అదే రోడ్డు మీద వాలు దిగే జీపును డ్రైవరు ఒక్క పాదంతో అదుపు చేస్తాడు. ఈ రెండింటికీ ఆధారం పాస్కల్ నియమం. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన అదనపు పీడనం, ఏమాత్రం తగ్గకుండా ద్రవమంతటా అన్ని దిశలకూ ప్రసారమవుతుంది. 17వ శతాబ్దపు ఈ నియమాన్ని యంత్రంగా మలచి, 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు.

పీడనం అంతటా సమానమైతే బలం ఎలా పెరుగుతుంది? విద్యార్థులు తరచు తడబడేది ఇక్కడే. పెరిగేది పీడనం కాదు, అది పనిచేసే వైశాల్యం. బలం = పీడనం × వైశాల్యం అని గుర్తుంచుకోండి.

ఒక జాకీలో చిన్న ముషలకం వ్యాసం 1 సెం.మీ., పెద్ద ముషలకం వ్యాసం 4 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెద్దదాని వైశాల్యం 16 రెట్లు. జాకీ పిడి తులాదండంలా పనిచేసి చేతి బలాన్ని ముందే 20 రెట్లు చేస్తుందనుకోండి. చేత్తో 100 న్యూటన్ల బలం, అంటే సుమారు 10 కిలోల బరువంత, ప్రయోగిస్తే చిన్న ముషలకంపై 2,000 న్యూటన్లు, పెద్దదానిపై 32,000 న్యూటన్లు లభిస్తాయి. ఇది 3 టన్నులకు పైబడిన బరువు. ఘర్షణ వల్ల వాస్తవంలో కొంత తగ్గుతుంది.

ఈ లాభం ఊరికే రాదు. బరువు 1 సెం.మీ. లేవాలంటే చిన్న ముషలకం మొత్తం 16 సెం.మీ., పిడి చివర 320 సెం.మీ. కదలాలి. అందుకే క్లీనరు పిడిని అన్నిసార్లు కొడతాడు. రెండు వైపులా జరిగిన పని 320 జౌళ్లే.

ఇప్పుడు జీపు బ్రేకును పరిశీలిద్దాం. పెడలు కొన్ని సెంటీమీటర్లు కదిలితే చక్రం దగ్గర బ్రేకు ప్యాడు కదిలేది మిల్లీమీటరులో కొంత భాగమే. బలాన్ని కొనుక్కోవడానికి డ్రైవరు దగ్గరున్న పెట్టుబడి ఆ కొన్ని సెంటీమీటర్లే. ద్రవం దాదాపు కుదించుకోదు కాబట్టి ఆ పెట్టుబడి వృథా కాదు. గొట్టంలో వాయు బుడగ ఉంటే మాత్రం, పెడలు కదలిక అంతా బుడగను నొక్కడానికే ఖర్చవుతుంది; పీడనం పెరగదు.

బుడగ బయటినుంచే రానక్కరలేదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్త ద్రవానికి ఉండవలసిన కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్, సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి 140 డిగ్రీలే. అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు టాప్ గేరులో, బ్రేకు తొక్కుతూనే దిగితే చక్రాల వేడికి పాత ద్రవం మరగవచ్చు. అప్పుడు పెడలు నేలను తాకినా బండి ఆగదు. తక్కువ గేరులో దిగితే వేగాన్ని ఇంజనే చాలావరకు పట్టి ఉంచుతుంది, బ్రేకులు అంతగా వేడెక్కవు. (పెద్ద బస్సులు, లారీలలో సాధారణంగా ఉండేవి గాలి బ్రేకులు, వాటి సంగతి వేరు.)

చల్లబడగానే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడలు గట్టిపడుతుంది. కొండ దిగువన మెకానిక్కుకు చూపిస్తే కారుతున్న జాడ ఏదీ కనిపించదు. అతను పరీక్షించవలసింది గొట్టాలను మాత్రమే కాదు, ద్రవంలోని నీటి శాతాన్ని కూడా.