సభలో పలికిన స్త్రీ: పసుపులేటి కన్నాంబ నటనలో వాచికం

ప్రవేశిక

తెలుగు టాకీ తొలి దశాబ్దాల నటీనటుల్లో అధికులు నాటకరంగం నుండి వచ్చినవారే. ‘నాటకీయత’ను లోపంగా పరిగణించే నేటి విమర్శ, ఆ తరం నటనను సినిమా పరిణతికి ముందున్న దశగా మాత్రమే చూస్తుంది. పసుపులేటి కన్నాంబ నటజీవితం ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కలిగిస్తుంది. రంగస్థలం ఆమెకిచ్చిన వాచికాభినయ బలమే తెలుగు, తమిళ చిత్రాల్లో సుమారు మూడు దశాబ్దాలపాటు ఆమెకు ఆధారమైంది. ఆమె ప్రసిద్ధ పాత్రల్లో పెక్కు నిండుసభలో నిలిచి ప్రశ్నించే స్త్రీ పాత్రలు కావడానికీ ఆ బలమే ప్రధాన కారణం. ఈ అంశాన్ని వివరించడమే ప్రస్తుత వ్యాస లక్ష్యం.

రంగస్థల నేపథ్యం

కన్నాంబ కడపలో జన్మించి ఏలూరులో పెరిగారు. ఆమె రంగస్థలానికి వచ్చిన కాలం పద్యనాటకానికి ఉచ్ఛదశ. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ వంటి నాటకాలు ఊరూరా ప్రదర్శితమవుతున్నాయి. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే ఆచారం అప్పటికింకా బలంగా ఉంది. స్థానం నరసింహారావు ఆ పాత్రపోషణలో అసామాన్యమైన కీర్తి గడించారు. సురభి సమాజాల్లో మాత్రం స్త్రీలే స్త్రీ పాత్రలను ధరించేవారు.

మైకు లేని నాటి రంగస్థలంపై చివరి వరుస ప్రేక్షకునికి సైతం ప్రతి అక్షరమూ వినిపించాలి. పద్యాన్ని రాగయుక్తంగా ఎత్తుకోవడం, అర్థం చెడకుండా విరుపు పాటించడం, పద్యం ముగిసిన వెంటనే అదే భావస్థాయిలో వచనాన్ని అందుకోవడం నటికి తప్పనిసరి. ఈ శిక్షణ కన్నాంబ కంఠాన్ని తీర్చిదిద్దింది.

తొలి టాకీలు

1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగు తెరకు మాట వచ్చింది. నేపథ్యగానం స్థిరపడని ఆ రోజుల్లో నటులు తమ పాటలను, పద్యాలను తామే పాడుకోవలసి వచ్చేది. నిర్మాతలు నాటక సమాజాలను ఆశ్రయించడానికి ఇదొక ముఖ్య కారణం. 1935లో ‘హరిశ్చంద్ర’ చిత్రంలో అద్దంకి శ్రీరామమూర్తి సరసన చంద్రమతిగా కన్నాంబ తెరపైకి వచ్చారు. మరుసటి ఏడు హెచ్.వి. బాబు దర్శకత్వంలో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ వెలువడింది. అదే సంవత్సరం అదే ఇతివృత్తంతో ‘ద్రౌపదీ మానసంరక్షణం’ అనే మరో చిత్రం పోటీగా వచ్చింది.

ద్రౌపది పాత్రకు కురుసభా సన్నివేశమే ప్రాణం. అక్కడ ఆమె చేసేది రోదన మాత్రమే కాదు. తన్నోడిన భర్తకు తన్ను పణంగా ఒడ్డే హక్కెక్కడిదన్న ధర్మప్రశ్నను ఆమె సభ ముందుంచుతుంది. శోకంలోనూ తర్కం చెడకుండా పలకగల కంఠం ఈ పాత్రకు అవసరం. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’, 1940లో వచ్చిన ‘చండిక’ చిత్రాలతో ఆమె పరిధి సాంఘిక, జానపద ఇతివృత్తాలకు విస్తరించింది.

తమిళ తెర

వాచికమే ప్రధానమైన నటికి పరభాష కఠిన పరీక్ష. తమిళ సంభాషణలను తెలుగు లిపిలో రాసుకుని కంఠస్థం చేసి ఆమె ఈ పరీక్షను ఎదుర్కొన్నారు. 1941 నాటి ‘అశోక్ కుమార్’లో సవతి కుమారుని మోహించే తిష్యరక్షితగా, 1942 నాటి ‘కణ్ణగి’లో పతివ్రతగా కనిపించారు. పరస్పర విరుద్ధమైన ఈ రెండు పాత్రలూ ఏడాది వ్యవధిలో వచ్చినవే.

‘శిలప్పదికారం’ ఆధారంగా నిర్మితమైన ‘కణ్ణగి’లో ఇళంగోవన్ సంభాషణలకు విశేష ప్రాధాన్యం ఉంది. నిరపరాధియైన భర్తకు మరణదండన విధించిన పాండ్యరాజును కణ్ణగి సభలో నిలదీస్తుంది. అందెను పగులగొట్టి, అందులోని మాణిక్యాలను సాక్ష్యంగా చూపుతుంది. ద్రౌపది ప్రశ్నకు కురుసభ సమాధానమివ్వలేదు. కణ్ణగి ప్రశ్నకు పాండ్యరాజు తన తప్పును అంగీకరించి ప్రాణం విడుస్తాడు. కథలు వేరైనా, రాజసభలో న్యాయం అడిగే స్త్రీ కంఠం రెండింటా ప్రధానమే. 1944లో పి.యు. చిన్నప్పతో కలిసి తమిళ ‘హరిశ్చంద్ర’లో ఆమె మరల చంద్రమతిని పోషించారు.

నాగమ్మ నుండి అన్నపూర్ణ వరకు

1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రం. ఇందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు కాగా, కన్నాంబ నాయకురాలు నాగమ్మ. ఇక్కడ స్త్రీ సభలో న్యాయం అర్థించదు. తానే మంత్రాంగం నడుపుతుంది. 1954లో ‘మనోహర’ వచ్చింది. పమ్మల్ సంబంధ మొదలియార్ నాటకానికి చిత్రరూపమైన ఈ కృతికి కరుణానిధి సంభాషణలు రాశారు. శివాజీ గణేశన్ తల్లిగా కన్నాంబ చెప్పిన సంభాషణలు తమిళ ప్రేక్షకుల్లో చిరకాలం నిలిచాయి. వయసు నాయిక పాత్రలను దూరం చేసిన దశలో, రంగస్థల కంఠం ఆమెకు తల్లి పాత్రల్లో కేంద్రస్థానాన్ని నిలిపింది.

ఆమె శైలి ఉచ్చస్వరానికే పరిమితమైనది కాదు. 1957 నాటి ‘తోడికోడళ్ళు’లో ఎస్.వి. రంగారావు భార్య అన్నపూర్ణగా ఆమెది ఉమ్మడి కుటుంబాన్ని ఓర్పుతో నిలబెట్టే గృహిణి పాత్ర. అక్కడ సభ లేదు, నడవా వంటిల్లూ మాత్రమే ఉన్నాయి. కంఠమూ ఆ మేరకు తగ్గింది. స్వరాన్ని స్థలానికి అనుగుణంగా సవరించుకోవడం సైతం రంగస్థల శిక్షణలోని భాగమే.

నిర్మాణరంగం

భర్త కడారు నాగభూషణంతో కలిసి శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని నెలకొల్పి ఆమె తెలుగు, తమిళ చిత్రాలు నిర్మించారు. ‘తల్లిప్రేమ’ (1941), ‘సుమతి’ (1942), ‘సౌదామిని’ (1951), ‘పేదరైతు’ (1952) వీటిలో కొన్ని. నటీమణులు నిర్మాణ నిర్ణయాల్లో భాగస్వాములు కావడం అరుదైన కాలంలో ఈ కృషి గమనార్హం.

ముగింపు

1963 నాటి ‘లవకుశ’లో కౌసల్యగా కనిపించిన కన్నాంబ 1964 మే 7న మరణించారు. ఆమె నటజీవితాన్ని పరిశీలిస్తే, తొలి టాకీల నాటకీయతను కాలదోషంగా కొట్టివేయడం సమంజసం కాదని తేలుతుంది. ద్రౌపది, కణ్ణగి, నాగమ్మ వంటి పాత్రలకు మాటే ఆయుధం. ఆ ఆయుధాన్ని ప్రయోగించే నేర్పు నాటి తెరకు నాటకరంగమే అందించింది. తెలుగు సినిమా నటనా చరిత్రను రూపం, కదలికలతోపాటు కంఠం ఆధారంగానూ రాసినప్పుడే ఆమె స్థానం సమగ్రంగా నిర్ణయమవుతుంది.