పాత లాప్‌టాప్... బాగు చేయిద్దామా, మార్చేద్దామా?

రైసూత్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకి ఖరీఫ్ అంటే రెండు అర్థాలు. ఊళ్ళో అది నారుమళ్ళు, నాట్ల కాలం. ఇక్కడేమో జూన్ మూడో వారం నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా కొండలన్నీ పచ్చబడి, గల్ఫ్ దేశాల నుంచి జనం కార్లేసుకుని తుంపర్లలో తడవడానికి వచ్చే కాలం. రెండూ ఒకే అరబ్బీ మాట. (పిల్లలూ, దాని అసలు అర్థం శరదృతువు. తెలుగు క్లాసులో టీచరుగారిని అడిగి చూడండి!) నాలాంటి కంప్యూటరు మనుషులకి మాత్రం దీనికి మూడో అర్థం కూడా ఉంది. ఇంటింటి నుంచీ లాప్‌టాప్ ఫిర్యాదులు వచ్చే కాలమన్నమాట.

"అన్నయ్యగారూ, ఆన్ చేస్తే పావుగంట తిరుగుతోంది. కొత్తది కొనేయమంటారా?" ఏటా వినే ప్రశ్నే ఇది. దీనికి ఒక్కమాటలో అవుననో కాదనో చెప్పేవాళ్ళని నమ్మకండి. ఎనిమిదేళ్ళు నిండినా చింత చచ్చినా పులుపు చావనట్టు పనిచేసే మిషన్లున్నాయి. మూడేళ్ళకే మూలపడి, బాగు చేయించడం దండగయ్యే మిషన్లూ ఉన్నాయి. లోపల ఏది పాడైంది, ఏది ఊడదీసి మార్చడానికి వీలుంది... వయసు కన్నా ఈ రెండూ ముఖ్యం.

ముందు మన గాలి సంగతి

మన ఊరికి ఒక పక్క సముద్రం, రేవు. మరో పక్క సిమెంటు ఫ్యాక్టరీ, ఇండస్ట్రియల్ ఎస్టేటు. ఖరీఫ్‌లో కిటికీ తెరిస్తే ఉప్పు తేమ లోపలికొస్తుంది. డిసెంబరు వచ్చేసరికి ఉత్తరాన ఎడారి వైపు నుంచి 'బెలాత్' అనే గాలి దుమ్ము మోసుకొస్తుంది. ఈ దుమ్మూ ఆ తేమా కలిసి లాప్‌టాప్ ఫ్యాను వెనకాల ఉండే సన్నటి రాగి రేకుల మధ్య దళసరి గుడ్డలా పేరుకుపోతాయి. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

అప్పుడు ప్రాసెసరు ఏం చేస్తుందో తెలుసా? వేడి నూరు డిగ్రీల దగ్గరికి వెళ్ళేసరికి కాలిపోకుండా ఉండడానికి తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. మే నెల ఎండలో మనం నడక తగ్గించినట్టే! మనం మాత్రం "పాతదైపోయింది, స్లో అయింది" అని తీర్మానించేస్తాం. అందుకని ఎవరు అడిగినా నా మొదటి మాట ఒకటే. ముందు విప్పించి శుభ్రం చేయించండి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు తీయించి కొత్తది రాయించండి. అయ్యే ఖర్చు నాలుగైదు రియాళ్ళు. చాలా ఇళ్ళలో కథ ఇక్కడితో సుఖాంతం అవుతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనరు పెట్టి లాగే సాహసం మాత్రం వద్దు. దానివల్ల పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకి మంచిది కాదు.

శుభ్రం చేయించినా తీరని జబ్బు ఉన్నప్పుడే అసలు లెక్కలు మొదలవుతాయి.

ఒక ఇంటి లెక్క

2025 అక్టోబరులో రేవులో ఎలక్ట్రీషియనుగా పనిచేస్తున్న మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. శ్రీకాకుళం వైపు వాళ్ళు. "బావా, ఈ నెల ఊరికి పంపే డబ్బు ఆపి లాప్‌టాప్ కొనాలేమో. పెద్దాడికి ఫిబ్రవరిలో పదో తరగతి పరీక్షలు" అన్నాడు. ఊరికి పంపే డబ్బంటే వాళ్ళమ్మగారి మందులు, ఇంటి అప్పు వాయిదా. సలాలాలో ఆయన చూసొచ్చిన కొత్త లాప్‌టాప్ ధర 165 రియాళ్ళు. చూడకుండా ఏమీ కొనొద్దని చెప్పి వాళ్ళింటికి వెళ్ళాను.

ఆ మిషను లెనోవో థింక్‌ప్యాడ్ టీ470. 2017 నాటి మోడల్, సెకండ్ హ్యాండులో కొన్నది. మెమరీ 4 జీబీ. లోపల తిరిగే రకం హార్డ్ డిస్కు. టాస్క్ మేనేజరు తెరిస్తే, ఏమీ పని చేయకుండానే డిస్కు నూటికి నూరు శాతం వాడకంలో ఉన్నట్టు చూపిస్తోంది. ప్రాసెసరు ఖాళీగా కూర్చుని ఉంది. అంటే గుండె గట్టిదే, కాళ్ళే నడవడం లేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా ఒకటుంటుంది, 'స్మార్ట్' అంటారు. అందులో చూస్తే పాడైన చోట్ల సంఖ్య వందల్లో ఉంది, నేను చూస్తుండగానే పెరుగుతోంది.

"ఇందులో ముఖ్యమైనవి ఏమున్నాయి?" అని అడిగాను. బాబు తన నోట్సులు, ప్రాజెక్టులు అన్నాడు. మా చెల్లెమ్మ, అంటే మిత్రుడి భార్య, కాసేపు ఆగి "మావయ్యగారి వీడియోలు అన్నయ్యగారూ" అంది. 2021 వేసవిలో ఇండియా నుంచి ఒమన్‌కి ప్రయాణికుల రాకను ఆపేసినప్పుడు ఆయన ఊళ్ళో కాలం చేశారు. వెళ్తే తిరిగి ఎప్పుడు రాగలడో, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని రోజులవి. మిత్రుడు వెళ్ళలేకపోయాడు. ఆయనతో వారం వారం మాట్లాడిన వీడియోలు, కర్మకాండలు తమ్ముడు ఫోనులో చూపించినప్పుడు రికార్డు చేసుకున్నవీ అన్నీ ఈ డిస్కులోనే ఉన్నాయి. రెండో కాపీ ఎక్కడా లేదు.

అంతే, రిపేరు సంగతి పక్కన పెట్టేశాను. డిస్కు చావు బతుకుల్లో ఉన్నప్పుడు వైరస్ స్కానులు, విండోస్ మళ్ళీ వేయడాలు చేయకూడదు. ఒక్కొక్క నిమిషం తిరిగిన కొద్దీ ఆయువు తరుగుతుంది. బయటి డిస్కు ఒకటి తగిలించి, అన్నిటికన్నా విలువైన ఫోల్డరు ముందు, మిగతావి తర్వాత కాపీ పెట్టాం. వీడియోలు తెల్లవారేసరికి వచ్చేశాయి. 2019 సెలవుల ఫోటోల ఫోల్డర్లు రెండు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

మీ ఇంట్లో లాప్‌టాప్ ఇప్పుడు బాగానే పనిచేస్తున్నా సరే, ఈ పత్రిక మూసేలోపు ఆ రెండో కాపీ సంగతి చూడండి. మిషన్ మార్చాలా వద్దా అనేది నెలాఖరుకి తేల్చుకున్నా ఫర్వాలేదు.

విండోస్ పెట్టిన గడువు

ఇప్పుడు అసలు చిక్కు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడేవాళ్ళకి భద్రతా సవరణలు మరో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని ప్రకటించారు. దానికి 30 డాలర్లు కట్టవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగులు భద్రపరచుకుంటే డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు. విండోస్ 11కి పోదామంటే దానికి టీపీఎమ్ 2.0 చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరు లేదా ఆపై తరం ఉండాలి. టీ470లో ఉన్నది 7వ తరం!

ఇందులో తమాషా ఏమిటంటే, మరుసటి ఏడాది 2018లో వచ్చిన టీ480 చూడ్డానికి దీని కవల సోదరుడే. అదే ఒళ్ళు, అదే కీబోర్డు తీరు. కానీ ప్రాసెసరు 8వ తరం కాబట్టి విండోస్ 11 దర్జాగా నడుస్తుంది. ఒక్క తరం తేడాతో తమ్ముడు లోపల, అన్న గుమ్మం బయట. షరతుల్ని తప్పించుకుని వేసే దొడ్డిదారులు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి, నిజమే. అలా వేసిన మిషన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ వారే చెప్పారు. పరీక్షలు రాయబోయే పిల్లాడి మిషన్ మీద నేనైతే ఆ ప్రయోగం చేయను.

కాబట్టి మా ముందు మూడు దారులు. కొత్తది 165 రియాళ్ళు. షాపులో వాడిన టీ480 ఒకటి 80 రియాళ్ళు. ఉన్నదాన్ని బాగు చేస్తే 480 జీబీ ఎస్‌ఎస్‌డీకి 17, 8 జీబీ మెమరీకి 11, బయట బ్యాటరీకి 15, శుభ్రం చేయడం, కూలీ కలిపి 6... మొత్తం 49 రియాళ్ళు. బాబు ఓటు కొత్తదానికి (గేములు ఆడొచ్చని, పైకి చెప్పలేదనుకోండి!). మా చెల్లెమ్మ మాత్రం "ఏడాది బతికేదానికి యాభై రియాళ్ళు ఎందుకు?" అంది. న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు విడిభాగాల్లో ఉంది. ఎస్‌ఎస్‌డీ, మెమరీ, బ్యాటరీ మూడూ ఊడొచ్చే వస్తువులు. టీ470లో వేసిన డీడీఆర్4 మెమరీ టీ480లోనూ సరిపోతుంది. వెనక తగిలించే బ్యాటరీ రెండింటికీ ఒకటే. ఎస్‌ఎస్‌డీ కూడా, డిస్కు కేబులు ఉన్న టీ480 చూసి తీసుకుంటే అందులో కూర్చుంటుంది. అంటే ఆ 49లో శుభ్రం చేయడానికీ కూలీకీ పోయే 6 తప్ప మిగతా 43 రియాళ్ళు రేపటి మిషనులోకి వెంట వస్తాయి. ఇక్కడే మా వాదన ముగిసింది. ఊరికి పంపే డబ్బు ఆ నెల ఆగలేదు.

ఎస్‌ఎస్‌డీ వేశాక పావుగంట కాస్తా అర నిమిషం లోపుకి దిగింది. ఇందులో మాయేమీ లేదు. పాత డిస్కులో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, దాని మీద చిన్న చెయ్యి ఒకటి అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది. ఒక్కో వెతుకులాటకి సెకనులో నూరో వంతు పైనే పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు, సెకనులో పదివేలో వంతు చాలు. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలల్లో ఉంటాయి మరి!

మెమరీ కొనే విషయంలో ఒక మాట. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఊడ్చుకుపోవడంతో 2025 చివరి నెలల నుంచి ప్రపంచమంతటా మెమరీ ధరలు బాగా పెరిగాయి. మేం కొన్నాక అదే ముక్కకి ధర ఇంకా ఎక్కింది. అవసరం తేలాక "వచ్చే నెల చూద్దాం" అనుకోవడం ఈ ఒక్క వస్తువు విషయంలో లాభం కాదు.

ఎక్కడ ఆపేయాలి?

అన్ని మిషన్లకీ ఈ లెక్క పనికిరాదు. సన్నగా, అందంగా ఉండే చాలా మోడళ్ళలో మెమరీని మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించేస్తారు. ఆపిల్ వారు 2012 రెటీనా మాక్‌బుక్ ప్రోలోనే ఆ పని చేశారు. తర్వాత మిగతా కంపెనీల సన్న మోడళ్ళూ అదే దారి పట్టాయి. వాటిలో 4 జీబీ అంటే జీవితాంతం 4 జీబీయే. మోడల్ పేరు కొట్టి ఎన్ని మెమరీ స్లాట్లున్నాయో చూసుకున్నాకే షాపుకి వెళ్ళండి.

మదర్‌బోర్డు మీద తేమ వల్ల పచ్చటి చిలుము పట్టిందని చెబితే, ఫోటో తీసి పంపమనండి. నిజమే అయితే అక్కడితో ఆపేయండి. ఇవాళ ఒక చోట బాగు చేస్తే రేపు ఇంకో చోట పోతుంది. స్క్రీనూ, మడత బందూ రెండూ విరిగినా నేను వద్దనే అంటాను. కొత్తదాని ధరలో మూడో వంతు దాటిన రిపేరుకి నేను ఎవరినీ ఒప్పించను.

పిల్లలూ, ఇది మీకు! లాప్‌టాప్ కింది భాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా లోపల బ్యాటరీ పొంగిందని అర్థం. వెంటనే ఆపేసి, చార్జరు తీసేసి పెద్దవాళ్ళకి చెప్పండి. నొక్కి చూడడం, పొడవడం అస్సలు చేయకూడదు, మంట లేస్తుంది.

సెలవులకి వెళ్ళినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో చవగ్గా కొనుక్కొస్తాం అనేవాళ్ళు మనలో చాలామంది. మెమరీ, ఎస్‌ఎస్‌డీలకి అది మంచి ఆలోచనే. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందో లేదో బిల్లు రాయించేటప్పుడే అడగండి. విడి బ్యాటరీని చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి. అక్కడి చార్జరు ఇక్కడ పనిచేస్తుందా అని అడుగుతుంటారు. అడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉంటే నిక్షేపంగా పనిచేస్తుంది. గోడలోకి వెళ్ళే తీగ ఒక్కటి ఇక్కడి మూడు చదరపు పిన్నులది కొనుక్కుంటే చాలు.

పారేసేటప్పుడు కూడా కొంచెం ఆగండి. ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. డిస్కు తీసేయకుండా, తుడిచేయకుండా ఎవరికీ ఇవ్వకండి. అందులో మీ పాస్‌పోర్టు కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి.

మా మిత్రుడి ఇంట్లో గడువు తేదీ ఫ్రిజ్ మీది క్యాలెండరులో రాసి ఉంది. 2026 అక్టోబరు 13 లోపు టీ480 కొని భాగాలన్నీ అందులోకి మార్చాలని పథకం. ఖాళీ అయ్యే టీ470లోకి చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి లినక్స్ మింట్ పెడతాం. అది ఉచితం, విండోస్ గడువుతో దానికి సంబంధం లేదు, తెలుగు టైపింగూ చక్కగా వస్తుంది. ఆ మిషన్ నాలుగో తరగతి చదువుతున్న వాళ్ళ పాపది. దాని మూత మీద ఏ స్టిక్కరు ఎక్కడ అతికించాలో కాగితం మీద బొమ్మ గీసి మరీ ఆమె ఇప్పటికే నాకు చూపించింది.